పులస మళ్ళీ గోదారెక్కాలంటే ఏం చేయాలి, డబ్బు ఎవరు పెట్టాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూలై వచ్చి గోదారికి ఎర్రనీరు, అంటే తొలి వరద నీరు, తగలగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "పులస పడుతోందా? కేజీ ఎంత?" అని. ఈమధ్య వాటితోపాటు ఇంకో రకం ప్రశ్నలూ వస్తున్నాయి. ఎందుకు తగ్గిపోయింది, మళ్ళీ రావాలంటే ఏం చేయాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అని అడుగుతున్నారు. ఇలా అడిగేవాళ్ళు పెరిగినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పిన జవాబుల్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

పులస, విలస వేరువేరు చేపలా?

కాదు, రెండూ ఒకటే. సముద్రంలో ఉన్నంతకాలం విలస అంటాం, గోదారి నీళ్ళలోకి వచ్చాక పులస అంటాం. బెంగాలీలు ఇలిష్ అనేది, సింధు ప్రాంతంవాళ్ళు పల్లా అనేది కూడా ఈ చేపనే. శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు టెన్యువాలోసా ఇలీషా. ఎదురీదుతూ పైకొచ్చేకొద్దీ ఒంట్లో ఉప్పదనం పోయి రుచి తేలుతుందని జాలర్లు చెబుతారు. మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పడ్డ చేపకంటే పైన సిద్ధాంతం దగ్గరో, బొబ్బర్లంక దగ్గరో పడ్డ చేపకి గిరాకీ ఎక్కువ ఉండేది అందుకే.

హాయిగా సముద్రంలో ఉండక ఏట్లోకి ఎందుకు వస్తుంది?

గుడ్లు పెట్టడానికి. పెద్ద ఆడచేప కడుపులో లక్షల గుడ్లుంటాయి, బాగా ఎదిగిన చేపైతే 10 లక్షలు దాటుతాయి. ఉప్పునీళ్ళలో ఆ గుడ్లు బతకవు, మంచినీళ్ళు కావాలి. వరద నీటి వాసన, ఆ నీటి జోరు తగలగానే సముద్రంలోంచి గౌతమి మొగ గుండా, వశిష్ఠ మొగ గుండా లోపలికి వచ్చేస్తుంది. పెట్టిన గుడ్లు ఒక రోజు అటూఇటూగా పొదుగుతాయి. పిల్లలు కొన్ని నెలలు ఏట్లోనే మేసి, 15 సెంటీమీటర్ల దాకా పెరిగి, అప్పుడు సముద్రంలోకి దిగిపోతాయి. ఏడాదికో రెండేళ్ళకో అవే తల్లులై తిరిగొస్తాయి.

మనం ఎప్పుడూ పైకొచ్చే పెద్ద చేప గురించే మాట్లాడుకుంటాం. కిందికి దిగే పిల్ల గురించి ఎవరూ మాట్లాడరు. అది వేలెడంత ఉన్నప్పుడే సన్నకన్ను వలలో పడి, పరిగెలతో కలిసిపోయి, కుప్ప లెక్కన అమ్ముడైపోతుంది. అది పులస పిల్ల అని కొన్నవాళ్ళకీ తెలియదు. ఏటి దారి రెండువైపులా తెరిచి ఉంటేనే ఈ చేప బతుకుతుంది.

నిజంగా తగ్గిందా, లేక రేటు పెంచడానికి చెప్పే మాటా?

నిజంగానే తగ్గింది. రెండు కేజీల చేపకి 20 వేల పైన పలికిందన్న వార్తలు మీరూ చూసే ఉంటారు. విరివిగా దొరికే సరుకైతే ఆ ధర పలకదు.

ఒక ఆగస్టులో తెల్లవారుజామున యానాం రేవులో కూర్చున్నాను. మూడు పడవలు వరసగా ఒడ్డుకి వచ్చాయి. రాత్రంతా ఏట్లో ఉన్న మూడు పడవలకీ కలిపి పడింది ఒక్కటే పులస. దాన్ని తడిగుడ్డలో చుట్టి, పసిపిల్లని దింపినట్టు దింపారు. వేలంపాట మొదలవకముందే చుట్టూ పదిహేను మంది మూగారు. ఒకామె వేలితో పొట్ట మీద మెల్లగా నొక్కి "జన ఉంది" అంది, కడుపులో గుడ్లున్నాయని. అంతే, పాట ఎక్కడో ఆకాశంలో మొదలైంది. మిగతా రెండు పడవలవాళ్ళు డీజిల్ లెక్క చూసుకుంటూ వెళ్ళిపోయారు.

ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే చేపని పులస పేరుతో అమ్మడం కూడా మామూలైపోయింది. మార్కెట్లో కనిపించేదంతా గోదారిదే అనుకుని, ఫరవాలేదు బాగానే ఉంది అనుకోవద్దు.

దీనంతటికీ కారణం ధవళేశ్వరం ఆనకట్టేనా? దాన్ని తీసేస్తే?

ఆనకట్ట ఒక పెద్ద కారణం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా కట్టిన ఆనకట్ట స్థానంలో 1970 నుంచి 1982 మధ్య ఇప్పటి బ్యారేజీ వచ్చింది. నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. పెద్ద వరద వచ్చి గేట్లన్నీ ఎత్తినప్పుడు చేప పైకి పోగలదు. కానీ పులస మొదట వచ్చేది తొలి ఎర్రనీటితో. అప్పుడు ప్రవాహం అంత పెద్దగా ఉండదు, కాలవలకి నీటిమట్టం నిలపాలి కాబట్టి గేట్లు చాలావరకు మూసే ఉంటాయి. ఎక్కడానికి వచ్చిన చేప గేట్ల కింద ఆగిపోతుంది. ఆగిన చోట వలలు ఉంటాయి.

ఈ కథ గోదారి ఒక్కదానిదే కాదు. 1934లో మెట్టూరు డ్యాం వచ్చాక కావేరిలో ఈ చేప బాగా పడిపోయింది. 1955లో కోట్రి బ్యారేజీ వచ్చాక సింధులో పల్లాకి పైదారి మూసుకుపోయింది. 1975లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ వచ్చింది. అంతకుముందు గంగలో అలహాబాద్ దాకా దొరికిన ఇలిష్, ఆ తర్వాత అక్కడివాళ్ళకి ముసలివాళ్ళు చెప్పే మాటగా మిగిలింది.

అయినా ధవళేశ్వరాన్ని తీసేయమని నేను అనను. దాని కింద 10 లక్షల ఎకరాలకి పైగా సాగవుతోంది. మా ఇంటి అన్నం కూడా ఆ నీళ్ళదే. అడగాల్సింది గేట్ల నిర్వహణ గురించి. జూలై నుంచి సెప్టెంబరు దాకా, తొలి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో, కొన్ని గేట్లనైనా కొన్ని గంటలు చేప దాటగలిగేంత ఎత్తు లేపడం, గేట్ల కింద కిలోమీటరు మేర ఆ రోజుల్లో వల పడకుండా చూడడం. ఎన్ని గేట్లు, ఎన్ని గంటలు, ఏ భాగంలో అన్నది ఇంజనీర్లూ, మత్స్య శాస్త్రవేత్తలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చాలి. ఆ కూర్చోవడం కోసమే నేను పోరుతున్నాను.

పోలవరంలో చేపల నిచ్చెన కట్టారు కదా, అది చాలదా?

కట్టడం మంచి పని. బారక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే సిఫ్రి, సలహాతో స్పిల్‌వేలో, అంటే వరద నీరు కిందికి వదిలే కట్టడంలో, పులసని దృష్టిలో పెట్టుకునే దాన్ని కట్టారు. కానీ సముద్రం నుంచి వచ్చే చేపకి ముందు తగిలేది ధవళేశ్వరం. కింది మెట్టు దాటకుండా పై మెట్టు ఉండి లాభం లేదు.

ఇంకో సంగతి ఉంది. చేపల నిచ్చెన అనగానే మనకి గుర్తొచ్చేది టీవీలో సాల్మన్ చేపలు ఎగిరి గంతేసి మెట్లెక్కడం. పులస అలా ఎగరదు. దాని జాతి వేరు. అమెరికాలో షాడ్ అనే చేప ఉంది, అది మన పులసకి దాయాది లాంటిది. అదీ సముద్రంలో పెరిగి ఏరెక్కుతుంది, అదీ ఎగరలేదు. మాసచూసెట్స్‌లో కనెక్టికట్ నది మీద హోల్యోక్ డ్యాం దగ్గర 1955లో దానికోసం లిఫ్టు పెట్టారు. చేపలు తొట్టిలోకి వస్తాయి, తొట్టిని నీళ్ళతో సహా పైకెత్తి డ్యాం అవతల వదులుతారు. ఏటా లక్షల్లో దాటిన రోజులున్నాయి.

దాని పక్కనే చేదు అనుభవం కూడా ఉంది. సస్క్వెహానా నది మీద వరసగా నాలుగు డ్యాములు. కింది డ్యాం లిఫ్టు 2001లో లక్షా 90 వేలకి పైగా షాడ్ చేపల్ని ఎత్తింది. నాలుగూ దాటి గుడ్లు పెట్టే చోటికి చేరినవి మాత్రం అతి తక్కువ. తర్వాతి ఏళ్ళలో కింద వచ్చే చేపే తగ్గిపోయింది. ధవళేశ్వరం, పోలవరం కలిపి ఒకే దారిగా ఆలోచించకపోతే మనకీ అదే గతి.

అమెరికాలో డ్యాములే పగలగొట్టేశారట, నిజమేనా?

నిజమే. అవసరం తీరిపోయినవి, ఖర్చుకి తగ్గ కరెంటు ఇవ్వనివి తీసేశారు. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబెక్ నది మీద 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ డ్యాంని 1999లో తీశారు. ఆ పక్కనే పెనాబ్‌స్కాట్ నదిలో జరిగింది నాకు ఇంకా నచ్చుతుంది. అక్కడి పెనాబ్‌స్కాట్ ఆదివాసీలూ, పర్యావరణ సంఘాలూ కలిసి ఒక ట్రస్టు పెట్టి, 2010లో మూడు డ్యాముల్ని దాదాపు రెండున్నర కోట్ల డాలర్లకి కంపెనీ దగ్గర కొనేశారు. 2012లో ఒకటి, 2013లో ఒకటి తీసేశారు, మూడోదాని పక్కన చేపలకి ఏటి పాయ లాంటి దారి తవ్వారు. పోయిన కరెంటుని మిగతా డ్యాముల్లో ఉత్పత్తి పెంచి సరిచేసుకున్నారు. వేలల్లో కూడా సరిగా రాని నది హెర్రింగ్ చేపలు ఇప్పుడు లక్షలు దాటి వస్తున్నాయి.

క్లామత్ నది మీద నాలుగు డ్యాముల తొలగింపు 2024లో పూర్తయింది. ఆ అక్టోబరులోనే సాల్మన్ చేపలు పాత డ్యాముల చోటు దాటి పైకి వెళ్ళాయి. వందేళ్ళు మూసుకున్న దారి తెరుచుకున్న కొద్ది వారాలకే వెళ్ళాయి. ఆ వార్త చదివిన రోజు నేను చాలాసేపు ఇంకే పనీ చేయలేకపోయాను.

చెరువుల్లో చేపపిల్లల్ని వదిలినట్టు పులస పిల్లల్నీ వదలొచ్చు కదా?

కట్ల, రోహు వేరు. వాటిని హేచరీలో పుట్టించి, సంచుల్లో నింపి, లారీలో తీసుకెళ్ళి వదిలినా బతుకుతాయి. పులస నీళ్ళలోంచి తీస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది, చేత్తో పట్టుకుంటే పొలుసు రాలిపోతుంది. చెరువుల్లో పెంచే ప్రయోగాలు చేశారు గానీ వ్యాపారంగా నిలబడలేదు. ఫరక్కా దగ్గర సిఫ్రివాళ్ళు ఇంకో పద్ధతి పట్టారు. బ్యారేజీ కింద దొరికిన బతికున్న చేపల్ని జాగ్రత్తగా తీసుకెళ్ళి పైన వదులుతున్నారు, కొన్నిటికి గుర్తు బిళ్ళలు కడుతున్నారు, ఎక్కడ మళ్ళీ దొరికాయో జాలర్లని అడిగి రాసుకుంటున్నారు. ఇది మన దగ్గర కూడా చేయదగ్గ పని. గంగలో దానికి డబ్బిచ్చింది నమామి గంగే పథకం. గోదారికి అంతటి పథకం లేదు.

వేట నిషేధం ఉంది కదా, ఇంకా ఏం కావాలి?

మన తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. సముద్రంలో మరపడవలకి పెట్టింది అది. పులస ఏరెక్కేది జూలై నుంచి. అంటే నిషేధం ముగిసి, పడవలన్నీ ఒక్కసారిగా సముద్రంలోకి దిగిన తర్వాత తల్లిచేప మొగ దగ్గరికి వస్తుంది. ఆ 61 రోజులు మిగతా చేపలకి ఎంతో మేలు చేస్తున్నాయి, అందులో అనుమానం లేదు. పులసకి మాత్రం దాని సొంత తేదీలు కావాలి.

బంగ్లాదేశ్ ఏం చేసి సాధించింది?

రెండు పనులు చేసింది. అక్టోబరులో పౌర్ణమి చుట్టూ, తల్లిచేపలు గుడ్లు పెట్టే రోజుల్లో, 22 రోజులు పూర్తిగా వేట ఆపేస్తారు. పట్టడం, అమ్మడం, తీసుకెళ్ళడం అన్నీ నేరమే. నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్లకంటే చిన్న చేపని పట్టకూడదు. ఆ పిల్లని వాళ్ళు జాట్కా అంటారు. ఆ ఏట్లలో పిల్లలు ఎక్కువ పెరిగే చోట్లని అభయారణ్యాల్లా ప్రకటించారు. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న దిగుబడి 2019-20 నాటికి ఐదున్నర లక్షల టన్నులకి చేరింది. ఈ మధ్య మళ్ళీ కొంత తగ్గుతోంది, కాబట్టి ఒకసారి చేసి వదిలేసే పని కాదని కూడా అక్కడి నుంచే నేర్చుకోవాలి.

మన దేశంలోనే పశ్చిమ బెంగాల్ 2013లో 23 సెంటీమీటర్లకంటే చిన్న ఇలిష్ పట్టకూడదని, వల కన్ను 90 మిల్లీమీటర్లకి తగ్గకూడదని నియమం పెట్టింది.

వేట ఆపితే జాలరి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

ఇది అందరికంటే ముందు జాలర్లే అడగాల్సిన ప్రశ్న, వాళ్ళే అడుగుతున్నారు. బంగ్లాదేశ్‌లో జాట్కా నిషేధం కాలంలో నెలకి 40 కేజీల బియ్యం చొప్పున నాలుగు నెలలు ఇస్తారు. బియ్యం ఆలస్యంగా వస్తాయని, కూరకీ మందులకీ చేతిలో రూపాయి ఉండదని, ముందే తీసుకున్న అప్పు వడ్డీ మాత్రం ఆగదని అక్కడి జాలర్లు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో సముద్ర నిషేధానికి కుటుంబానికి ఇచ్చే భృతి 2025 నుంచి 20 వేల రూపాయలు అయింది. ఏటి మీద బతికే చిన్న నావవాడికి పులస రోజుల్లో వేట ఆపమంటే, అదే పద్ధతిలో, ఆపడానికి ముందే ఖాతాలో డబ్బు పడాలి. సీజన్లో ఒక్క పులస దొరికితే పిల్ల కాలేజీ ఫీజు కట్టేసే ఇళ్ళు నాకు తెలుసు. వాళ్ళకి ఆ ఆశ వదులుకోమని చెప్పేటప్పుడు చేతులు ఖాళీగా పెట్టుకుని వెళ్ళకూడదు.

ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి కొంచెం వివరంగా చెప్పాలి.

అమెరికావాళ్ళు 1937లో ఒక చట్టం చేశారు, పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం అంటారు. తుపాకులు, తూటాల మీద వేసే 10, 11 శాతం పన్ను నేరుగా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళుతుంది. 1950లో అదే పద్ధతిని గాలాలు, చేపలు పట్టే సామాన్ల మీదికి తెచ్చారు. 1984లో పడవల ఇంధనం పన్ను కూడా కలిపారు. ఇందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది. ఈ వాటా కావాలంటే, వేట లైసెన్సుల డబ్బుని రాష్ట్రం వేరే పనులకి మళ్ళించకూడదు. వనరుని వాడుకునేవాడు కడతాడు, కట్టిన డబ్బు ఆ వనరుకే వెళుతుంది. క్లామత్ డ్యాముల తొలగింపుకి పెట్టిన 45 కోట్ల డాలర్లలో కూడా 20 కోట్లు ఇన్నాళ్ళూ ఆ కరెంటు వాడుకున్నవాళ్ళ బిల్లుల్లోంచి, 25 కోట్లు కాలిఫోర్నియా నీటి బాండ్ల నుంచి వచ్చాయి.

మన దగ్గర వన్యప్రాణుల నిధి అంటే ముందు గుర్తొచ్చేది కాంపా. అడవిని ప్రాజెక్టుకి తీసుకున్నవాళ్ళు కట్టే డబ్బు అది. 2016 చట్టం తర్వాత, 2019లో 47 వేల కోట్లకి పైగా రాష్ట్రాలకి పంచారు. ఎకరం అడవి పోతే లెక్క ఉంది. ఏటికి అడ్డం కడితే ఆగిపోయిన చేపకి ఆ లెక్కలో చోటు లేదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నదుల్లో చేపపిల్లల్ని వదిలే పద్దు ఉంది గానీ, దారి తెరవడం వేరే సంగతి. కంపెనీలు లాభంలో 2 శాతం పెట్టే సామాజిక బాధ్యత నిధిని ఈ పనికి అడగొచ్చు, పర్యావరణం ఆ జాబితాలోనే ఉంది.

నాకు అన్నిటికంటే దగ్గరగా కనిపించే దారి ఇంకోటి. 2002 జీవవైవిధ్య చట్టంలో, ప్రతి పంచాయతీలో, మునిసిపాలిటీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని, తమ పరిధిలోని జీవవనరుని వ్యాపారం కోసం తీసుకెళ్ళేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేయొచ్చని, దానికి స్థానిక నిధి ఉండాలని రాశారు. పులస పాట జరిగే రేవుల్లో ఈ పని చేయొచ్చు. జాలరి దగ్గర కాదు, కొన్న వ్యాపారి దగ్గర. 15 వేలకి పాడిన చేప మీద నూటికి రెండు రూపాయలంటే 300. అంత పెట్టి కొన్నవాళ్ళకి అది భారం కాదు. ఆ డబ్బుతోనే చేపల నిచ్చెన కట్టలేం, లిఫ్టు పెట్టలేం. కానీ ఏ రోజు ఎన్ని చేపలు పడ్డాయి, ఎంత బరువు, జన ఉందా లేదా అని రాసే మనిషిని పెట్టుకోగలం. సన్నకన్ను వలకి బదులు పెద్దకన్ను వల కొనిపెట్టగలం. ఇవాళ లెక్కే లేదు. లెక్క లేనప్పుడు పై నుంచి పెద్ద నిధి అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు. పుస్తెలమ్మైనా పులస తినాలని తరతరాలుగా చెప్పుకున్నాం, ఆ పెట్టిన సొమ్ములో ఒక్క రూపాయి కూడా తిరిగి ఏటికి పోలేదు.

పులస ఒక్కదానికోసమేనా ఇదంతా?

కాదు. పండుగప్ప పెద్దయ్యేది ఏట్లో, గుడ్లు పెట్టేది ఉప్పునీళ్ళలో. నీలకంఠ రొయ్య పిల్లలకీ మొగ దగ్గరి ఉప్పునీళ్ళే కావాలి. పులసకి తెరిచిన దారి వాటికీ పనికొస్తుంది.

అయితే పులస తినడం మానేయాలా?

మా ఇంట్లో పులస వండటం పండగలా ఉండేది. మట్టి దాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టి, రాత్రంతా ఉంచి, మర్నాడు తినేవాళ్ళం. చేపని కోసేటప్పుడు అమ్మ పక్కన కూర్చునేవాణ్ణి. పొట్ట చీల్చగానే రెండువైపులా రెండు జన తిత్తులు, లేత పసుపు రంగులో, గట్టిగా, గసగసాల ముద్దలా. వాటిని చెదరకుండా తీసి విడిగా గిన్నెలో పెట్టేది, అది నా వాటా. లక్షల పిల్లలు ఆ గిన్నెలో ఉన్నాయని అప్పుడు నాకు తెలియదు.

ఇప్పుడు నేను జన ఉన్న చేప కొనడం లేదు. అందరూ అలా చేయాలని బలవంతం చేయను. కనీసం జన ఉందని ఎక్కువ డబ్బు పెట్టి పోటీపడటం ఆపండి. చేతిలో పట్టేంత పిల్ల చేపల్ని అసలు కొనకండి. పులస పంపించి పనులు చేయించుకునే, పరపతి చూపించుకునే అలవాటు ఉన్నవాళ్ళు ఇంకేదైనా పంపించండి, ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి కదా.

మేం అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడి నుంచి ఏం చేయగలం?

ఊరికి డబ్బు పంపేటప్పుడు గుడి గోపురంతోపాటు ఏటి లెక్కల పుస్తకానికీ కొంచెం పంపండి. మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందో లేదో, ఉంటే చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఫోన్ చేసి కనుక్కోండి. ఊళ్ళోవాళ్ళు అడిగితే పట్టించుకోని మాట, మీరు అడిగితే పట్టించుకుంటారు. మాసచూసెట్స్ దగ్గర్లో ఉంటే వసంతంలో, మే నెల చివర్లో, పిల్లల్ని తీసుకుని హోల్యోక్ వెళ్ళండి. అక్కడ చేపలు వెళ్ళే దారి పక్కన అద్దాల కిటికీ పెట్టారు. వెండి రంగు షాడ్ చేపలు గుంపుగా ఎదురీదుతూ మీ ముఖం ముందు నుంచే వెళతాయి. ఫోటో తీసి నాకు పంపండి, రేవులో మావాళ్ళకి చూపిస్తాను.